పాచిక అందరిదీ... పుస్తకం ఎవరిది?

కాగితం, పెన్సిలు, గుప్పెడు పాచికలు. వీటితో ఏ కథనైనా ఆడించే ఆట తయారుచెయ్యొచ్చు. అయితే అందులో మనదెంత, పరాయిదెంత?

ఉప్పల్ స్టేడియం చుట్టుపక్కల గల్లీల్లో ఆదివారం పొద్దున ఓ చక్కర్ కొట్టండి. కాస్త ఖాళీ జాగా కనిపిస్తే చాలు, క్రికెట్ మొదలైపోతుంది. ఒక టప్పా పడ్డాక పట్టినా అవుటే. ఎదురుగోడకి తగిలితే నాలుగు. పక్కింటి డాబా మీద పడితే కొట్టినవాడు అవుటు, పైగా బంతి తెచ్చే బాధ్యతా వాడిదే! ఈ నిబంధనలు ఎవరు రాశారో ఎవరికీ తెలీదు. ఎవర్నీ అడగక్కర్లేదు.

గోడకి అవతల, 2005 నవంబరులో తొలి అంతర్జాతీయ వన్డే జరిగిన మైదానంలో మాత్రం ఆట అచ్చయిన నిబంధనల ప్రకారం సాగుతుంది. ఆ నిబంధనావళికి కాపీరైట్ ఉంది. హక్కుదారు లండన్‌లోని మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్. మరి గల్లీ కుర్రాళ్లు ఆ క్లబ్బుకి డబ్బు కట్టాలా? అక్కర్లేదు. క్లబ్బుకి ఉన్న హక్కు ఆ పుస్తకంలోని వాక్యాల మీదే. వికెట్ల మధ్య పరిగెత్తడం మీద దానికి హక్కు లేదు. ఆ వాక్యాల్ని యథాతథంగా అచ్చేసి అమ్మితే తప్పు. బ్యాటు పట్టుకుంటే కాదు.

వినడానికి ఇంతే. కానీ సొంతంగా ఓ ఆట రాసి నలుగురికీ అమ్ముదామనుకునేవాళ్లు సరిగ్గా ఇక్కడే తికమక పడతారు. అదీ క్రికెట్‌లాంటి ఆట కాకుండా, మొత్తం మాటలతోనే నడిచే ఆట అయితే...

మణిసిద్ధుడు పాచిక వేస్తే...

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్. పేరుకి నోరు తిరగదుగానీ సంగతి మనకి మరీ కొత్తదేం కాదు. కాశీమజిలీ కథలు గుర్తున్నాయిగా? మణిసిద్ధుడు కాశీకి నడిచిపోతూ ప్రతి మజిలీలోనూ వెంట వచ్చిన గొల్ల కుర్రాడికి ఓ కథ చెబుతుంటాడు. ఆ కుర్రాడు మధ్యలో అడ్డుపడి 'స్వామీ, ఆ రాజకుమారుడి స్థానంలో నేనుంటే తలుపు తియ్యను, కిటికీలోంచి దూకేస్తాను' అన్నాడనుకోండి. మణిసిద్ధుడు నవ్వి 'సరే, పాచిక వెయ్యి. నాలుగో అంతకన్నా ఎక్కువో పడితే దూకినట్టు, లేదంటే కాలు విరిగినట్టు' అన్నాడనుకోండి. ఈ ఆట అదే! ఒకరు కథ నడిపిస్తారు. మిగతావాళ్లు తలా ఓ పాత్ర. ఎవరికి ఏం చెయ్యాలనిపిస్తే అది చెబుతారు. చెయ్యగలిగారా లేదా అన్నది పాచిక తేలుస్తుంది.

అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఈ తరహా ఆటల్లో అచ్చయి అమ్మకానికొచ్చిన మొదటిది. అందులో కత్తులూ మంత్రాలూ రాక్షసులే ఉండేవి. తర్వాత కొందరికి మరో ఆలోచన వచ్చింది. కథ ఏదైనా నిబంధనలు ఒకటే ఉంటే? 1980లో 'బేసిక్ రోల్‌ప్లేయింగ్', 1986లో స్టీవ్ జాక్సన్ సంస్థ 'గర్ప్స్' అలా వచ్చినవే. సురభి వాళ్ల రంగస్థలం చూశారుగా, తెర మారిస్తే మాయాబజార్, మరో తెర దించితే భక్త ప్రహ్లాద. ఈ 'సార్వత్రిక' ఆటలూ అంతే. అవే పాచికలతో ఇవాళ పల్నాటి యుద్ధం ఆడొచ్చు, రేపు అంతరిక్షానికి వెళ్లొచ్చు.

ఉప్పల్‌లోనో నాచారంలోనో నలుగురు స్నేహితులు తెలుగులో ఇలాంటిదొకటి తయారుచేయాలనుకున్నారనుకుందాం. ఒకడికి లెక్కలొచ్చు, ఒకమ్మాయికి కథలొచ్చు, ఇంకొకరు బొమ్మలేస్తారు, నాలుగోవాడికి అచ్చు పని తెలుసు. డాబా మీద నెల్లాళ్లు ఆడి చూశారు. బాగా వచ్చింది. అప్పుడు మొదలవుతుంది భయం... 'మూడు పాచికలు వేసి కూడటం గర్ప్స్‌లో ఉందిగా, వాళ్లు కేసు పెట్టరూ?'

నిబంధనకు యజమాని లేడు

మన దేశంలో ఈ ప్రశ్నకి జవాబు ఓ పదాల ఆట పుణ్యమా అని దొరికింది. కోల్‌కతాకి చెందిన ఇద్దరు అన్నదమ్ములు 'స్క్రాబులస్' అనే ఆటని ఇంటర్నెట్‌లో పెట్టారు. ఫేస్‌బుక్‌లో అది ఊపేసింది. పేరు చూస్తేనే తెలుస్తోందిగా, స్క్రాబుల్‌కి దగ్గరి చుట్టం. స్క్రాబుల్ హక్కులున్న మాటెల్ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. 2008 సెప్టెంబరులో వచ్చిన మధ్యంతర ఉత్తర్వు ఆటలు తయారుచేసేవాళ్లంతా గుర్తుపెట్టుకోవాల్సింది. ఆ గళ్ల బోర్డుకీ, ఆట నిబంధనలకీ కాపీరైట్ ఉందన్న మాటెల్ వాదనకి కోర్టు ఒప్పుకోలేదు. ఓ ఆటని ఆడే పద్ధతి చెప్పడానికి ఉన్న దారులే ఒకటో రెండో అయితే, ఆ దారికి హక్కు ఇవ్వడమంటే ఆటనే ఒకరికి రాసిచ్చేసినట్టు అవుతుంది కదా! ఆలోచన ఎవరి సొత్తూ కాదు, దాన్ని చెప్పిన తీరుకే రక్షణ. కాపీరైట్‌కి ఇది మూలసూత్రం.

పోనీ పేటెంటు? ఆ తలుపూ మూసే ఉంది. 1970 నాటి పేటెంట్ల చట్టంలో, మూడో సెక్షన్‌లోనే, ఆట ఆడే పద్ధతి ఆవిష్కరణ కిందికి రాదని రాసిపెట్టారు.

కాబట్టి డాబా మీది నలుగురూ హాయిగా మూడు పాచికలు వేసుకోవచ్చు. బలం, చురుకు, తెలివి అని పాత్రకి అంకెలు వేసుకోవచ్చు. దెబ్బ తగిలితే ప్రాణం లెక్క తగ్గించుకోవచ్చు. ఇవన్నీ వామనగుంటల్లో గింజలు పంచినంత ఉమ్మడి ఆస్తి.

అయితే ఈ కత్తికి రెండో వైపూ పదునే. మీరు వాళ్ల పద్ధతి తీసుకోవచ్చంటే, రేపు మీ పద్ధతిని ఇంకొకరు తీసుకోవచ్చు. నెలల తరబడి తల బద్దలుకొట్టుకుని కనిపెట్టిన పాచికల లెక్కని పక్క వీధివాడు ఒక్క సాయంత్రంలో చదివి, సొంత మాటల్లో రాసుకుని అమ్ముకుంటే అడ్డుకోవడం చాలా కష్టం. మిగతా ఆటలకి కథ ఉంటుంది, ఊళ్లుంటాయి, పేరున్న పాత్రలుంటాయి. వాటికి రక్షణ దొరుకుతుంది. సార్వత్రిక ఆటలో ఉండేది ఒట్టి నిబంధనలే! చట్టం దేన్ని కాపాడనందో సరిగ్గా దాన్నే నమ్ముకున్న ఆట అది. 

గర్ప్స్‌కే ఈ అనుభవం ఎదురైంది. 1990లలో ఇంటర్‌ప్లే అనే కంప్యూటర్ గేముల సంస్థ గర్ప్స్ నిబంధనలతో ఓ గేము మొదలుపెట్టింది. మధ్యలో రెండు సంస్థలకీ పొసగలేదు. ఇంటర్‌ప్లే వాళ్లు ఆ నిబంధనలు పక్కనపెట్టి తమవి రాసుకున్నారు. 1997లో అదే గేము 'ఫాలౌట్' పేరుతో వచ్చి ప్రపంచాన్ని చుట్టేసింది. నిబంధనలు మారినా దాని ప్రపంచం, పాత్రలు, వాతావరణం వాళ్ల దగ్గరే ఉన్నాయి మరి.

అనువదిస్తే మనదవుతుందా?

మన దగ్గర ఎక్కువమంది కాలుజారేది ఇక్కడే. ఇంగ్లిషు నిబంధనల పుస్తకం ఒకటి ముందు పెట్టుకుని వాక్యం తర్వాత వాక్యం తెలుగులోకి దించేసి, 'ఇది నా కష్టం' అనుకుంటారు. కష్టం నిజమే. హక్కు మాత్రం లేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అనువాద హక్కు కూడా మూలరచయితదే. పద్ధతిని అర్థం చేసుకుని, పుస్తకం మూసేసి, మీ మాటల్లో మీ ఉదాహరణలతో రాయడం వేరు. పక్కన తెరిచి పెట్టుకుని రాయడం వేరు. మంత్రాల జాబితాలూ, రాక్షసుల పట్టికలూ వరసమార్చకుండా ఎత్తుకురావడం కూడా రెండో కోవలోకే వస్తుంది. కాపీ అవునా కాదా అన్నదానికి సుప్రీంకోర్టు 1978లో ఓ నాటకానికీ సినిమాకీ మధ్య తగువు తీరుస్తూ చెప్పిన గీటురాయి ఇప్పటికీ వాడుతున్నారు. రెండూ చూసిన మామూలు మనిషికి 'ఇది అదే' అని తిరుగులేకుండా అనిపించాలి. అలా అనిపిస్తే కాపీ.

చట్టబద్ధంగా అనువదించుకునే దారీ ఒకటి తెరుచుకుంది, అదీ పెద్ద గొడవ తర్వాత. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్రస్తుత యజమాని విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 2000లో ఓ బహిరంగ లైసెన్సు ఇచ్చింది. మా మూల నిబంధనలు వాడుకోండి, మీ పుస్తకాలు మీరు వేసుకోండి అని. దాన్ని నమ్ముకుని ఎన్నో చిన్న సంస్థలు పుట్టాయి. 2023 జనవరిలో ఆ లైసెన్సుని మార్చే ముసాయిదా బయటికి పొక్కింది. ఏడాదికి ఏడున్నర లక్షల డాలర్లు దాటి అమ్మేవాళ్లు వాటా కట్టాలట! ఆటగాళ్లు భగ్గుమన్నారు. నెల తిరక్కుండానే సంస్థ వెనక్కి తగ్గింది. జనవరి 27న ఆ మూల నిబంధనల పత్రాన్ని 'క్రియేటివ్ కామన్స్' కింద, ఇక తిరిగి తీసుకోలేని విధంగా విడుదల చేసేసింది. ఇప్పుడు ఆ పత్రాన్ని ఎవరైనా తెలుగులోకి తెచ్చి అమ్ముకోవచ్చు. ఎక్కడినుంచి తీసుకున్నారో చెప్పాలి, అంతే. అయితే ఆ అనుమతి ఆ పత్రం వరకే. వాళ్ల మిగతా పుస్తకాలకీ, బొమ్మలకీ, అట్ట మీద వేసుకునే ఆట పేరుకీ అది వర్తించదు.

పేరుతోనే తంటా

స్క్రాబులస్ కథలో రెండో సగం చెప్పుకోలేదు కదూ. కాపీరైట్ విషయంలో నెగ్గిన ఆ అన్నదమ్ములు పేరు దగ్గర ఓడిపోయారు. స్క్రాబుల్‌ని గుర్తుచేసే ఆ పేరు వాడొద్దని అదే కోర్టు ఆదేశించింది. ఆట మాత్రం 'లెక్సులస్' పేరుతో కొనసాగింది. మన పచ్చీసుదీ ఇలాంటి కథే. అది ఎవరి సొత్తూ కాదు. కానీ అమెరికాలో దాని వంకర పేరు 'పర్చీసీ'ని 1874లోనే ఓ కంపెనీ ట్రేడ్‌మార్కు చేసేసుకుంది. మన ముత్తవ్వలు గవ్వలతో ఆడిన ఆటకి అక్కడ పేరు వాడాలంటే ఆ కంపెనీని అడగాలన్నమాట!

మామూలు తెలుగు మాటే కదా పెట్టుకున్నాం అనుకున్నా గట్టెక్కలేం. బెంగళూరు అగరుబత్తుల సంస్థ ఒకటి తన సరుకుకి 'ఈనాడు' అని పేరు పెట్టింది. ఎవరైనా వాడే మాట కదా అని వాదించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ మాట వినగానే జనానికి పత్రికే గుర్తొస్తుందని, ఆ పేరుని వాడుకోవడం కుదరదని 2011 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది. అగరుబత్తికీ పత్రికకీ పోటీ ఏముంది అనిపించొచ్చు. ఆ పేరుకి వచ్చిన మంచిపేరుని వాడుకోవడమే అక్కడ తప్పయింది.

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కీ మొదట్లో పేరు దెబ్బ తగిలింది. అందులో 'హాబిట్' అనే పొట్టి మనుషులుండేవాళ్లు. ఆ పేరు రచయిత టోల్కీన్ సృష్టి. ఆయన రచనల వ్యాపార హక్కులున్నవాళ్లు 1977లో అభ్యంతరం చెప్పడంతో వాళ్లు 'హాఫ్లింగ్'లైపోయారు. పొట్టివాళ్లు ఎవరికీ సొంతం కాదు, పేరు సొంతం.

అన్నిటికన్నా విచిత్రం గైగాక్స్‌ది. తాను పుట్టించిన ఆటకి తానే పరాయివాడయ్యాడాయన. సొంత సంస్థ టీఎస్‌ఆర్ నుంచి 1980ల మధ్యలో బయటికొచ్చేశాక, రకరకాల కథలకి పనికొచ్చే కొత్త ఆట ఒకటి రాశాడు... అచ్చం మన నలుగురు స్నేహితులూ రాయాలనుకున్నలాంటిదే. 'డేంజరస్ డైమెన్షన్స్' అని పేరు పెడితే, పొడి అక్షరాలు పాత ఆటని గుర్తుచేస్తున్నాయని పాత సంస్థ అడ్డుపడింది. 'డేంజరస్ జర్నీస్' అని మార్చి 1992లో విడుదల చేస్తే, కాపీ కొట్టాడంటూ దావా! రెండేళ్ల తర్వాత రాజీ కుదిరింది. టీఎస్‌ఆర్ ఆ ఆట హక్కులన్నీ కొనేసి, అటకెక్కించేసింది. గైగాక్స్ వాదనలో బలం ఎంతున్నా, తీర్పు దాకా వెళ్లే ఓపికా డబ్బూ ఎవరికుంటాయన్నదే అసలు ప్రశ్న అయింది.

అసమదీయులూ, తసమదీయులూ

నిబంధనలకి రక్షణ లేదు కాబట్టి ఆటకి ప్రాణం పొయ్యాల్సింది కథలూ బొమ్మలూ మాటలే. ఇందులో తెలుగువాళ్లు పుట్టు భాగ్యవంతులు. మహాభారతం ఎవరైనా వాడుకోవచ్చు. 1977 జనవరి 14న, ఒకే రోజు, 'దానవీరశూరకర్ణ', 'కురుక్షేత్రం' రెండూ విడుదలయ్యాయి. ఒకదాంట్లో ఎన్టీఆరే కర్ణుడు, మరోదాంట్లో కృష్ణంరాజు. కథ మీద పేటెంటు నాదంటే నాదని ఎవరైనా అంటే వ్యాసుడే నవ్విపోయేవాడు. కానీ కొండవీటి వెంకటకవి రాసిన సంభాషణలు కొండవీటి వెంకటకవివే. ఎన్టీఆర్ రామకృష్ణా స్టూడియో పేరు వింటూ పెరిగిన నాచారం కుర్రాళ్లకి దుర్యోధనుడి డైలాగు నోటికొస్తే రావచ్చు. దాన్ని ఆట పుస్తకంలో అచ్చేస్తే మాత్రం అనుమతి కావాలి.

లెక్క కాస్త విడమరిచి చూద్దాం. సినిమాకి కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1957 నాటి 'మాయాబజార్' చిత్రానికి ఆ గడువు 2017 చివరికి తీరిపోయింది. రచనకి వేరే లెక్క, రచయిత పోయాక 60 ఏళ్లు. మాటలూ పాటలూ రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు. అంటే ఆయన రచనకి 2031 చివరిదాకా రక్షణ ఉంటుంది. మరి 'అసమదీయులు', 'తసమదీయులు'? విడి మాటకి కాపీరైట్ ఉండదు. ఆటలో మిత్రపక్షాన్నీ శత్రుపక్షాన్నీ అలా పిలుచుకోవచ్చు, పింగళివారికి దణ్ణం పెట్టుకుని.

బేతాళుడు అందరివాడు. చందమామలో శంకర్ గీసిన విక్రమార్కుడు, భుజాన శవంతో నడిచే ఆ బొమ్మ, అందరిదీ కాదు. ఆయన 2020లోనే పోయారు. కాశీమజిలీలు రాసిన మధిర సుబ్బన్న దీక్షితులు పోయి 90 ఏళ్లు దాటింది, ఆ కథలు నిక్షేపంగా వాడుకోవచ్చు. ఈ పన్నెండు సంపుటాల మీద ఇప్పటిదాకా ఆటలవాళ్ల కన్ను పెద్దగా పడకపోవడమే ఆశ్చర్యం.

ఆటకి పటాలూ కావాలి. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల శిక్షణ సంస్థ ఉంది. దేశం నలుమూలల నుంచీ వచ్చి పటాల పని నేర్చుకుంటారక్కడ. పటం కూడా చట్టం దృష్టిలో కళాకృతే. ప్రభుత్వం ప్రచురించినదైతే అచ్చయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల హక్కు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధనలు సడలించాక మనవాళ్లు సొంతంగా పటాలు తయారుచేయడం తేలికైంది. అంతమాత్రాన ఇంకొకరు గీసిన పటాన్ని స్కాన్ చేసి అట్ట మీద వేసుకోవచ్చని కాదు. మూసీ ఎక్కడ వంపు తిరుగుతుందన్నది ఎవరైనా గీసుకోవచ్చు, ఎవరి గీత వాళ్లు గీసుకుంటే.

పావుల సంగతి కొంచెం తిరకాసు. నాచారం పారిశ్రామికవాడలో అచ్చు చేయించి ప్లాస్టిక్ ఘటోత్కచుల్ని వందలకొద్దీ పోయించారనుకోండి. డిజైనుగా నమోదు చేయించుకోగల ఆకారాన్ని, నమోదు చేయించకుండా, యంత్రాల మీద 50కి మించి తయారుచేస్తే దానిమీద కాపీరైటే పోతుందంటుంది చట్టం. అమ్మకానికి పెట్టకముందే 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయిస్తే పదేళ్లు, ఆపైన పొడిగించుకుంటే మరో అయిదేళ్లు రక్షణ.

స్నేహితుల మధ్య కాగితమా?

బయటివాళ్ల కేసుల గురించి హడలిపోయేవాళ్లు ఇంట్లోని చిక్కుని పట్టించుకోరు. గైగాక్స్, ఆర్నెసన్ కలిసి ఆట పుట్టించారు. అయిదేళ్లు తిరిగేసరికి, 1979లో, తన పేరు కోసం, రాయల్టీ కోసం ఆర్నెసన్ కోర్టుకెళ్లాడు. 1981లో గానీ రాజీ కుదరలేదు. నాచారం నలుగురూ కలిసి, ఎవరు రాసింది ఏదో విడదీయలేనట్టు ఒక పుస్తకం రాస్తే దానికి నలుగురూ హక్కుదారులే. రేపు ఒకరు అమెరికా వెళ్లిపోయి, ఫోనెత్తకపోతే రెండో ముద్రణకి సంతకం ఎవరు పెట్టాలి? బొమ్మలేసినవాళ్లు హక్కు రాసిచ్చారా, ఈ ఒక్క పుస్తకానికే ఇచ్చారా? మన చట్టంలో హక్కుల బదిలీ కాగితం మీద ఉంటేనే చెల్లుతుంది. ఎన్నాళ్లకో రాయకపోతే అయిదేళ్లకే, ఎక్కడికో రాయకపోతే మన దేశానికే అని లెక్కగడతారు. స్నేహంలో కాగితమేమిటి అని మొహమాటపడతారుగానీ, స్నేహం బాగున్నప్పుడే ఆ కాగితం తేలిగ్గా రాయగలిగేది.

రాసిన ప్రతిని తనకి తానే రిజిస్టర్డ్ పోస్టులో పంపుకుని కవరు విప్పకుండా దాచుకునే అలవాటు మన రచయితల్లో చాలా పాతది. దానికి చట్టంలో ప్రత్యేక విలువేం లేదు. నిజానికి రాసిన క్షణం నుంచే కాపీరైట్ వచ్చేస్తుంది. నమోదు తప్పనిసరి కాదు. చేయించుకుంటే మాత్రం కోర్టులో సాక్ష్యంగా అక్కరకొస్తుంది. పుస్తకానికి రుసుము 500 రూపాయలు, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో కట్టొచ్చు. దరఖాస్తు చేశాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. దావా వెయ్యాల్సివస్తే ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, రచయిత నివసించే ప్రాంతపు జిల్లా కోర్టులోనే వెయ్యొచ్చు. ఎవరైనా ఊరికే బెదిరిస్తూ నోటీసులు పంపుతుంటే, ఆ బెదిరింపులు నిరాధారమని ప్రకటించమంటూ మనమే కోర్టుకెళ్లే వీలు అరవయ్యో సెక్షన్ ఇస్తోంది.

పేరుకి మాత్రం వేరే పద్ధతి, వేరే ఆఫీసు. తెలుగు రాష్ట్రాల ట్రేడ్‌మార్కు దరఖాస్తులు చెన్నై రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి. విడి వ్యక్తులు ఆన్‌లైన్‌లో పెట్టుకుంటే ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. నచ్చిన పేరు ఇప్పటికే ఎవరైనా తీసుకున్నారేమో రిజిస్ట్రీ వెబ్‌సైట్లో ఉచితంగా వెతుక్కోవచ్చు. ఆటవస్తువులు 28వ తరగతి, పుస్తకాలు 16వ తరగతి. పాచికలతో పాటు పుస్తకం కూడా అమ్మేవాళ్లు రెండిట్లోనూ చూసుకోవాలి, అట్ట అచ్చుకి ఇవ్వకముందే.